కోసిన పైపు, వాలే మాస్ట్

రుమైథియాలో ఒక పాత ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, స్లాబులోంచి జానెడు ఎత్తున ఒక ఇనప పైపు ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది. ఒకటిన్నర అంగుళం జిఐ పైపు, మేము సైట్‌లో స్కాఫోల్డింగ్‌కి వాడే సైజే. పైన కోత నున్నగా లేదు. ఒక వైపు నుంచి సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఇంకో వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు, రెండు కోతలూ కలవలేదు, మధ్యలో మెట్టు మిగిలింది. ఐటిఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసినోడికి అది చూడగానే అర్థమవుతుంది. హ్యాక్‌సాతో, చీకట్లో, తొందరలో కోసిన పైపు అది. బ్లేడు కూడా మధ్యలో విరిగి ఉంటుంది.

ఎపిసోడ్‌లో ఈ పైపు గురించి రెండు మాటలు చెప్పి వదిలేశాను. చాలామంది మెసేజ్‌లు పెట్టారు, ఆ మాస్ట్ సంగతి పూర్తిగా చెప్పన్నా అని. మాట్లాడేటప్పుడు లెక్కలు చెప్పలేం కదా, అందుకే రాస్తున్నా. ఇందులో చరిత్ర ఎక్కువ, వెల్డింగ్ తక్కువ.

ఆ ఇంటాయన్ని అందరం హజ్జీ అంటాం. డెబ్భై దాటాయి. మా కంపెనీ వాళ్ళ బంధువుల ఇల్లు కడుతుంటే పరిచయం. పాతతరం కువైటీలకి హిందీ కాస్త వస్తుంది, బొంబాయి వ్యాపారాల నాటి హిందీ. 1961లో దీనార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే మరి. ఆయన నన్ను 'ముహందిస్' అంటాడు, అంటే ఇంజనీర్. నేను ఇంజనీర్ని కాను హజ్జీ, ఐటిఐ చదివిన సూపర్‌వైజర్ని అని పదిసార్లు చెప్పాను. వినడు.

ఆయనకి హామ్ రేడియో లైసెన్సు ఉంది, ఎప్పటి నుంచో. కువైట్ హామ్‌ల పిలుపు గుర్తులు 9కే2తో మొదలవుతాయి, మన దేశంవి వీయూతో మొదలైనట్టు. ఆయన అడిగింది ఒకటే. "నాకు తొమ్మిది మీటర్ల మాస్ట్ కావాలి. నేను ముసలోణ్ణి. నా ఒక్కడి చేత్తో, పది నిమిషాల్లో, చప్పుడు లేకుండా అది కిందికి వాలాలి. నిలబెట్టడం పెద్ద సంగతి కాదు, దానికి నువ్వున్నావు, క్రేన్లున్నాయి. వాలడం ముఖ్యం."

ఇరవై ఏళ్ళకి పైగా నేను చేసిన పనంతా నిలబెట్టడమే. కాలమ్ నిలబెట్టడం, షట్టర్ నిలబెట్టడం, టవర్ క్రేన్ నిలబెట్టడం. పడుకోబెట్టడానికి డ్రాయింగ్ ఇవ్వమని అడిగినోడు ఈయనొక్కడే. ఆ రాత్రి రూముకొచ్చి చదవడం మొదలుపెట్టాను, ఇంతకుముందు ఎవరెవరు ఏం చేశారో చూద్దామని.

రేడియో మాస్టుల చరిత్ర కూలిపోవడంతోనే మొదలవుతుంది. 1901లో మార్కోనీ ఇంగ్లండ్ పడమటి కొసన పోల్‌ధూ అనే చోట 20 మాస్టులు వలయంగా నిలబెట్టించాడు. ఒక్కోటి 200 అడుగులు. అట్లాంటిక్ దాటి అమెరికాకి సంకేతం పంపాలని. అందులో తప్పు ఏంటంటే, ప్రతి మాస్ట్ తలనీ పక్క మాస్ట్ తలకి తీగలతో కట్టారు. ఒకటి పోతే పక్కదాన్ని లాక్కునే పోతుంది. వివియన్ అనే వాళ్ళ ఇంజనీరుకి ఆ డిజైను మీద ముందు నుంచే అనుమానం. సెప్టెంబర్ 17న తుఫాను గాలి వచ్చింది, వలయం మొత్తం కూలింది. సముద్రానికి అవతల అమెరికాలో, కేప్ కాడ్‌లో అదే పద్ధతిలో కట్టినవి నవంబర్‌లో కూలాయి. చివరికి డిసెంబర్ 12న కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ కొండ మీద మార్కోనీ సంకేతం విన్నది గాలిపటానికి కట్టిన తీగతో. 'ఎస్' అనే అక్షరానికి మూడు చుక్కలు. నిజంగా విన్నాడా, విన్నాననుకున్నాడా అని ఇప్పటికీ వాదిస్తుంటారు, అది వేరే ఎపిసోడ్.

నాకు అక్కడ పట్టుకున్నది గాలిపటం. 200 అడుగుల మాస్టులు చేయలేని పనికి గాలిపటం ఎందుకు పనికొచ్చింది? గాలి ఎక్కువైతే దించుకోవచ్చు కాబట్టి. మాస్టులకి నిలబడటమో కూలడమో తప్ప మధ్యలో ఇంకో దారి లేదు.

గాలి లెక్క తెలియనివాళ్ళకి ఒక్క మాట. గాలి వేగం రెండింతలైతే దాని తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకి 50 కిలోమీటర్ల గాలికి గట్టిగా నిలబడిందని మురిసిపోతే, 100 కిలోమీటర్ల గాలికి నాలుగు రెట్లు తోస్తుంది. దాన్ని తట్టుకునేట్టు లావుగా కట్టొచ్చు, డబ్బులుంటే. 372 మీటర్ల లిబరేషన్ టవర్ అట్లా కట్టిందే. ఇరాక్ దాడి చేసేనాటికి దాని పని నడుస్తోంది, విముక్తి తర్వాత పూర్తిచేసి ఆ పేరు పెట్టారు, 1996 మార్చిలో ప్రారంభించారు. సర్కారుకి అది సరే. మేడ మీద ముసలాయనకి ఎట్లా?

పాతకాలం వాళ్ళకి వాల్చడం బాగా తెలుసు. లండన్‌లో థేమ్స్ నది మీద తిరిగే సరుకుల పడవలకి తెరచాప కొయ్య మొదట్లో కీలు ఉండేది. వంతెన దగ్గరికి రాగానే కొయ్యని వెనక్కి వాల్చి, వంతెన కింద నుంచి జారిపోయి, అవతల మళ్ళీ లేపేవాళ్ళు. పడవ ఆపేవాళ్ళు కూడా కాదు. రోములో 1586లో డొమెనికో ఫొంటానా అనే మేస్త్రీ 300 టన్నులకి పైబడిన ఈజిప్టు రాతి స్తంభాన్ని సెయింట్ పీటర్స్ ముందుకి మార్చాడు. బొమ్మల్లో అందరూ చూపించేది దాన్ని నిలబెట్టడమే. కానీ నిలబెట్టడానికి నెలల ముందే ఆయన చేసిన అసలు కష్టమైన పని, పాతచోట నిలబడున్నదాన్ని పగలకుండా పడుకోబెట్టడం. సైట్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు, ఎత్తేటప్పుడు బరువు మన మాట వింటుంది, దించేటప్పుడు వినదు.

అంతదూరం కూడా పోనక్కర్లేదు. ఈ కువైట్ ఊరు నూనె రాకముందు ఓడల ఊరు. ఇక్కడ కట్టే 'బూమ్' ఓడలకి టేకు మన మలబారు తీరం నుంచి వచ్చేది. కలప, తాడు, కొబ్బరి పీచు, అన్నీ మన వైపు నుంచే. అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు 1938-39లో ఒక కువైటీ బూమ్ ఎక్కి ఆఫ్రికా తీరం దాకా పోయి వచ్చి, 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' అని పుస్తకం రాశాడు. ఆ ఓడల్లో తెరచాపకి ఆధారం ఒక పొడవాటి వాలు దూలం. కొయ్యకి అడ్డంగా ఏటవాలుగా వేలాడుతుంది. దాన్ని పైకి లాగాలంటే ఓడలో జనమంతా తాడు పట్టుకుని పాట పాడుతూ లాగాలి. గాలి మారితే దించాలి, మళ్ళీ లాగాలి. ముత్యాల వేట ఓడల్లో అయితే పాడటానికే 'నహ్హామ్' అని ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళు. హజ్జీ తాత అట్లాంటి ఓడల్లో పనిచేశాడట. ఎత్తడం దించడం రెండూ ఒకే పని కింద లెక్క ఆ మనుషులకి.

మా అబ్బకి కూడా అంతే. (అబ్బ అంటే తాత, మా రాజంపేట వైపు అట్లాగే అంటాం.) మా అబ్బ చిన్నప్పుడు ఏతం తొక్కినోడు. ఏతం చూడని పిల్లల కోసం చెప్తున్నా. బావి పక్కన గుంజ పాతి, దాని మీద పొడవాటి మాను అడ్డంగా ఆడేట్టు పెడతారు, మన తూగుడు బల్లలాగ. ఒక కొసన నీళ్ళ బాన, ఇంకో కొసన బరువు. మనిషి ఆ మాను మీద ముందుకీ వెనక్కీ నడుస్తాడు. ముందుకి నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. కండబలం కాదు, తూకం. అరబ్బుల్లో దాన్నే 'షాదూఫ్' అంటారని హజ్జీ చెప్పాడు. వాలే మాస్ట్ అంటే నిలువుగా నిలబెట్టిన ఏతం. అది నాకు అర్థం కావడానికి మూడు వారాలు, ఒక పనికిరాని డ్రాయింగు పట్టాయి.

డ్రాయింగుల సంగతికి వచ్చే ముందు ఆ కోసిన పైపు సంగతి చెప్పాలి. రెండోసారి మేడ ఎక్కినప్పుడు అడిగాను, దీన్ని ఎవరు కోశారు హజ్జీ అని. చాలాసేపు ట్యాంకు నీడలో కూర్చుని చెప్పాడు.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం లోపలికి వచ్చింది. కువైట్ రేడియో, 1951 మే 12న మొదలైన రేడియో, ఆ రోజు సాయం చేయమని అరబ్బులందర్నీ పిలిచింది, తర్వాత నోరు మూతపడింది. బయట దేశాలకి ఫోన్లు పోయాయి. హజ్జీ మేడ మీద అప్పటికి ఆరేళ్ళుగా మాస్ట్ ఉంది, పైన యాగీ యాంటెన్నా. 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు కనిపెట్టిన రకం, మన ఊళ్ళల్లో దూరదర్శన్ కోసం ఇళ్ళ మీద పెట్టిన కడ్డీల యాంటెన్నా దాని చిన్న తమ్ముడే. హజ్జీది పెద్దది. వీధి చివరి నుంచి కనిపించేదట.

సైనికులు ఇళ్ళు వెతుకుతున్నారని, ట్రాన్స్‌మిటర్ దొరికితే ఇంటాయన తిరిగి రాడని వీధిలో మాట వచ్చింది. మాస్ట్‌ని స్లాబులో పాతేశారు, కీలు లేదు, బోల్టు లేదు. దించాలంటే పగలు, పదిమంది, తాళ్ళు కావాలి. అంత టైమెక్కడిది? ఒక రాత్రి, వీధిలో ఏసీలన్నీ మోగుతున్నప్పుడు, ఆయనా తమ్ముడూ మేడ ఎక్కి హ్యాక్‌సాతో కోశారు. ఏసీ మోత పెరిగినప్పుడు కోయడం, తగ్గినప్పుడు ఆపడం. బ్లేడు విరిగింది. రెండో బ్లేడు సగం కోయకముందే పైపు తనంతట తానే ఒరిగి, పిట్టగోడ మీద పడింది. "ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది ముహందిస్. బస్రా దాకా వినిపించి ఉంటుంది అనుకున్నా." ఎవరూ రాలేదు. యాంటెన్నా ముక్కలు చేసి ఇంటి వెనక ఇసకలో పూడ్చారు.

ట్రాన్స్‌మిటర్ విప్పేశాడు. రిసీవర్ మాత్రం బియ్యం బస్తాల వెనక ఉంచుకున్నాడు. అప్పుడప్పుడూ వినేవాడు. యుద్ధానికి ముందు ప్రతి శుక్రవారం మాట్లాడే వాళ్ళల్లో మన వీయూ వాళ్ళు కూడా ఉండేవారట. ఎవరెవరో 9కే2 స్టేషన్ ఏదైనా ఉందా అని పిలవడం విన్నాడు. జవాబివ్వలేదు. 1991 ఫిబ్రవరి 26న విముక్తి దాకా, దాదాపు ఏడు నెలలు.

కువైట్‌లో జవాబిచ్చినవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు హామ్ ప్రపంచంలో అందరికీ తెలుసు. అబ్దుల్ జబ్బార్ మరాఫీ, 9కే2డీజెడ్. ఆక్రమణ రోజుల్లో రహస్యంగా హామ్ రేడియో నడిపి, లోపల ఏం జరుగుతోందో అమెరికాలో హామ్‌లకి పంపాడు. దొరికితే ప్రాణం పోయే పని. హజ్జీ ఆయన పేరు చెప్పి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "నేను వీరుణ్ణి కాను. కానీ నా మాస్ట్ వాలేదై ఉంటే, రాత్రి లేపి పొద్దున్నే వాల్చేవాణ్ణి. నేనూ మాట్లాడేవాణ్ణి."

ఇక్కడ ఒక సంగతి ఉంది. యాంటెన్నాకి మాస్టే అక్కర్లేదు. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకి అర తరంగం తీగ పొడవు పది మీటర్లు. పది మీటర్ల రాగి తీగ బట్టలారేసే తాడులా పిట్టగోడల మధ్య కట్టినా, ఎంతో కొంత దూరం మాట పోతుంది. ఇది హామ్ పరీక్షకి చదివే కుర్రాడికి కూడా తెలుసు. నలభై ఏళ్ళ లైసెన్సు ఉన్న హజ్జీకి తెలియదా? నేను ఆ మాట అనలేదు. ఆయన నా మొహం చూసి, నేను అననిది విన్నట్టే, లేచి కిందికి పోయాడు.

నాకు అనే హక్కు కూడా లేదు. ఆ ఆగస్టులో మా నాయిన ఖైతాన్‌లో ఉన్నాడు. మేస్త్రీ పని. నాకు పదేళ్ళు. మా అమ్మ ట్రాన్సిస్టర్ కడ్డీకి ఇంకో తీగ చుట్టి, ఆ తీగని ఇంటిముందు వేపచెట్టుకి కట్టి, పొద్దున ఆకాశవాణి వార్తలు వినేది. వార్తల్లో కువైట్ అని వచ్చేది, నాయిన పేరు వచ్చేది కాదు. ఊళ్ళో ఆరుగురి ఇళ్ళల్లో అదే. ఉత్తరం లేదు, టెలిగ్రాం లేదు. దాదాపు యాభై రోజుల తర్వాత ఒక సాయంత్రం నాయిన చిన్న చేతి సంచీతో, బక్కచిక్కి, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ దాకా పోయి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ తరలింపులో 488 విమానాలు తిరిగాయి, లక్ష మందికి పైగా మనవాళ్ళు వచ్చారు. ఇప్పుడు దాని మీద సినిమాలు తీస్తున్నారు, మంచిదే. కానీ ఆ యాభై రోజుల్లో ఒక్క వాక్యం, 'బతికే ఉన్నాడు' అని ఒక్క వాక్యం వచ్చి ఉంటే మా అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది. రేడియో అంటే నాకు ఆ వాక్యమే.

ఆ వాక్యం ఎంత విలువైందో 2004 డిసెంబర్‌లో మన దేశం మొత్తం చూసింది. హైదరాబాద్‌లో 1983లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, ఒక చిన్న జట్టుతో అండమాన్ పోయారు. అక్కడి నుంచి హామ్‌ల మాట ఏళ్ళ తరబడి వినపడలేదు, అనుమతి దొరకడమే పెద్ద విజయం. ప్రపంచం నలుమూలల హామ్‌లు వాళ్ళతో ఒక్కసారి కలిసినా చాలని ఎగబడుతున్నారు. డిసెంబర్ 26 పొద్దున సునామీ. ఫోన్లు పోయాయి. సరదాకి పెట్టుకున్న ఆ స్టేషన్ అప్పటికప్పుడు అత్యవసర స్టేషనైంది. ఫలానా వాళ్ళు క్షేమం అని పోర్ట్ బ్లెయిర్ నుంచి మన వైపుకి కబుర్లు మోశారు. పెద్ద టవర్లతో కాదు, వెంట తీసుకుపోయిన యాంటెన్నాలతో.

సరే, పని సంగతి.

నా మొదటి డ్రాయింగులో కీలు మాస్ట్ మొదట్లో పెట్టాను, జెండా కొయ్యలాగ. తొమ్మిది మీటర్ల రెండంగుళాల పైపు, మీటరుకి 5 కిలోల చొప్పున 45 కిలోలు. కొసన యాంటెన్నా, దాన్ని తిప్పే రొటేటర్ కలిపి 22 కిలోలు. పడుకుని ఉన్నదాన్ని లేపాలంటే కీలు దగ్గర ఎంత బలం కావాలి? పైపు బరువు మధ్యలో ఉన్నట్టు లెక్క, 45 ఇంటూ 4.5. యాంటెన్నా 22 ఇంటూ 9. రెండూ కలిపి 400 కిలో-మీటర్లు. కీలు దగ్గర మాస్ట్‌కి అడ్డంగా మూడు మీటర్ల గడ నిలబెట్టి, దాని తల నుంచి 45 డిగ్రీల వాలులో తాడు లాగితే, తాడు మీద 190 కిలోల లాగుడు. గడ మీటరే అయితే 570 కిలోలు. అందుకే గడ పొట్టిగా పెట్టి, మోటారు వించ్ కొని, తాడు తెంపుకున్నవాళ్ళు ఉంటారు. తెగేది ఎప్పుడూ మొదటి జానెడులోనే. మాస్ట్ పడుకుని ఉన్నప్పుడే బరువు ఎక్కువ, లేచేకొద్దీ తేలికవుతుంది. ఇంకో ఆపద చివర్లో ఉంటుంది, నిలువుకి వచ్చాక అవతలికి పడిపోకుండా వెనక తాడు పట్టుకునే మనిషి కావాలి. మొత్తం మీద ఇది ముగ్గురి పని. హజ్జీ డ్రాయింగు చూసి, "నేను ఒక్కణ్ణే ఉంటాను" అన్నాడు.

అప్పుడు ఏతం గుర్తొచ్చింది.

రెండు సి-ఛానల్స్ ఎదురెదురుగా, మధ్యలో పైపు పట్టేంత సందుతో, 4 మీటర్ల ఎత్తు గుంజలా నిలబెట్టాను. ఇది కదలదు. కింద బేస్ ప్లేటు స్లాబు మీద కాదు, పిట్టగోడ మీద అసలే కాదు, కాలమ్ తల మీద కూర్చోబెట్టి కెమికల్ యాంకర్లు దించాం. గుంజ తలకి నాలుగు వైపులా 8 ఎంఎం వైర్ రోప్, టర్న్‌బకిల్స్. మాస్ట్ ఆ సందులో, 3.8 మీటర్ల ఎత్తున ఒక పిన్ను మీద వేలాడుతుంది. పిన్ను పైన ఐదున్నర మీటర్లు, కింద మూడున్నర. పైభాగం బరువు, యాంటెన్నా బరువు కలిపి, కిందిభాగం తీసేస్తే, తేడా 166 కిలో-మీటర్లు. కింద 3.3 మీటర్ల దూరంలో 50 కిలోలు పెడితే సరిగ్గా తూగుతుంది. నేను 53 పెట్టాను, వదిలేస్తే తనంతట తాను నిలువుగా ఉండేట్టు. ఆ బరువు కూడా సైట్‌లో పారేసిన 16 ఎంఎం కడ్డీ ముక్కలే. మీటరుకి 1.58 కిలోలు, 33 మీటర్ల పైచిలుకు ముక్కలు ఒక పెట్టెలో బిగించాం. వాల్చడానికి వర్మ్ గేర్ చేతి వించ్. దానికి చెయ్యి వదిలినా వెనక్కి తిరగదు. ముసలాయన చిన్నగా తిప్పుకుంటూ పోతే చాలు, మాస్ట్ అడ్డం దాటి ఇంకాస్త వాలి, యాంటెన్నా మన తలెత్తుకి వస్తుంది.

వేసవి పని కదా, జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయకూడదని ఇక్కడ రూలు. రూలు లేకపోయినా ఇనుము ముట్టుకోలేం. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు పడిన దేశం ఇది. సెలవు రోజుల్లో తెల్లవారి నాలుగున్నరకి పోయి, ఎనిమిదికి దిగేవాళ్ళం. నాకు తోడు ఒక గోదావరి కుర్రాడు, మా సైట్‌లో హెల్పర్.

నేను చేసిన తప్పు రాయాలి. దాచితే ఇంకెవడో చేస్తాడు. మాస్ట్ నిలబడింది, వాలింది, మూడుసార్లు చూశాం. హజ్జీ వీడియోలు తీసుకున్నాడు. నాలుగోసారి వాల్చి ఉండగా, యాంటెన్నాకి ఒక క్లాంపు మార్చాలన్నాడు. నేను కుర్రాడితో, విప్పు అన్నాను. వాడు విప్పాడు. చివరి బోల్టు వదలగానే 22 కిలోలు వాడి చేతిలోకి వచ్చాయి, మాస్ట్ కొస తేలికైంది, అవతల 53 కిలోలు అట్లాగే ఉన్నాయి. తాడు బిగువుగా లేదు, నేనే ఇంతకుముందు వదులు చేశాను. కొస ఒక్కసారిగా పైకి ఎగిరింది. వాడి గడ్డం కింద తగిలి, వాడు యాంటెన్నాతో సహా వెనక్కి పడ్డాడు. ఆరు కుట్లు. ఇంకో అంగుళం అటైతే గొంతు. వాడు ఆస్పత్రిలో నన్ను చూసి "ఏం కాలేదన్నా" అన్నాడు, అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మా అబ్బకి ఎడమ చేతి రెండు వేళ్ళు వంకరగా ఉండేవి. బావి దగ్గర ఏతం తాడు తెగి, బాన పడిపోయి, తేలికైన కొస ఎగిరి కొట్టింది. చిన్నప్పుడు వందసార్లు విన్నాను ఆ కథ. లెక్కలన్నీ వేశాను కానీ, తూకంలో ఒక వైపు బరువు తీసేస్తే ఏమవుతుందో, ఇంట్లో విన్నది, గుర్తు తెచ్చుకోలేదు.

తర్వాత రెండు మార్పులు చేశాను. వాలినప్పుడు మాస్ట్‌ని గుంజకి బిగించే 16 ఎంఎం లాక్ పిన్ను, దానికి గొలుసు, పిన్ను తీస్తేనే వించ్ హ్యాండిల్ తిరిగేట్టు అడ్డు. ఇంకోటి, బరువు పెట్టె పైకి లేచే చోట కింద ఎవరూ నిలబడకుండా ఇనప కంచె. ఎవరైనా కట్టుకునేవాళ్ళుంటే ఈ రెండూ లేకుండా కట్టొద్దు. మేడ మీద కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో మాస్ట్ పడుకున్నప్పుడు కూడా కొలవండి, నిలబడ్డప్పుడు మాత్రమే కాదు. లైసెన్సు, బల్దియా కాగితాలు, పక్కింటివాళ్ళ ఒప్పుదల, ఇవన్నీ హజ్జీ చూసుకున్నాడు. నాకు లైసెన్సు లేదు, అందుకని ఆయన మైకు నా చేతికి ఇవ్వడు, వినడం మాత్రమే. ఆ విషయంలో మహా కచ్చితం.

మొన్న ఏప్రిల్‌లో సరాయాత్ వచ్చింది. వసంతకాలంలో ఇక్కడ ఉన్నట్టుండి దుమ్ము గోడ లేచి, వెనకే ఉరుములు, వాన, గంటలో అంతా అయిపోతుంది. దాన్నే సరాయాత్ అంటారు. దుమ్ము గాలికి యాంటెన్నా తీగలో కరెంటు పేరుకుని, కనెక్టర్ దగ్గర చిటపటలాడుతుంది. పిడుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. పడమట ఆకాశం ఎర్రబడగానే నేను సైట్‌లో క్రేన్ ఆపించి, పనోళ్ళని దింపి, హజ్జీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. భయమేసి కారేసుకుని పోయాను. నేను పోయేసరికి దుమ్ము కమ్మేసింది, వీధి దీపాలు పగలే వెలిగాయి. మేడ ఎక్కితే మాస్ట్ వాలి ఉంది, లాక్ పిన్ను వేసి ఉంది, కేబుల్ ఊడదీసి ఉంది. హజ్జీ మెట్ల గదిలో కుర్చీ వేసుకుని, ముక్కుకి గుత్రా చుట్టుకుని, టీ తాగుతున్నాడు. "ఏడు నిమిషాలు," అన్నాడు. "చప్పుడు లేదు."

వాన తగ్గాక ఇద్దరం బయటికొచ్చాం. తడిసిన దుమ్ము మేడంతా బురదలా పరుచుకుంది. నడుస్తుంటే ఆ పాత పైపు ముక్క నా కాలికి తగిలింది. గ్రైండర్ తెచ్చి నేల మట్టానికి కోసేస్తాను హజ్జీ, ఎవరైనా తట్టుకుని పడతారు అన్నాను. వద్దన్నాడు. తట్టుకోకుండా ఏదైనా చేయి, కోయొద్దు అన్నాడు.

కారులో స్కాఫోల్డింగ్ పైపు కొసలకి తొడిగే పసుపు ప్లాస్టిక్ టోపీలు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. ఒకటి తెచ్చాను. సైజు అదే కానీ, కోత మెట్టు అడ్డం వచ్చి ఎక్కలేదు. ఫైలు తీసుకుని కూర్చుని ఆ అంచు కాస్త అరగదీశాను, ఎక్కువ కాదు, టోపీ పట్టేంత.